ప్యానెల్లో లేని పేరు

గుడివాడ సభలో పాత సభ్యులకు ఎర్ర కండువాలు కప్పిన రోజున నేను ఆరో వరసలో చివరి కుర్చీ ఏరుకుని కూర్చున్నాను. పేరు పిలవగానే ఎవరి కాళ్లూ తొక్కకుండా లేచి వెళ్లొచ్చని. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. పార్టీలో ముప్పయ్యేళ్లు దాటిన సభ్యులం మా మండలం నుంచి నలుగురం ఉన్నాం. మైకు దగ్గర పేర్లు చదువుతున్నది మా మండలం మనిషే, వ్యవసాయ కూలీల సంఘం చూసే ఆమె. మూడు పేర్లు చదివింది. నాలుగో పేరు కోసం నేను కుర్చీ అంచుకు జరిగాను. ఆమె కాగితం మడిచి, మైకును పక్క మండలం వాళ్ల చేతికిచ్చి దిగిపోయింది.

అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

సభ అయ్యాక వ్యాన్ దగ్గరకు ఆమే వచ్చింది. నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్నది, మొదటినుంచీ బాబాయ్ అనే పిలుస్తుంది. నా పేరు వేరే కాగితంలో ఉండిపోయిందట, తను చూసుకోలేదట. "ఏమనుకోకండి బాబాయ్" అంది. కండువాలదేముందిలే అమ్మా అన్నాను. ఏమనుకోకండి అన్నంత మాత్రాన ఏమీ అనుకోకుండా ఉండగలిగే మనిషిని కాను నేను. అది నన్నెరిగిన వాళ్లందరికీ తెలుసు.

వేరే కాగితం నిజంగా ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఉన్నా సరే, మూడు పేర్లు గుర్తున్న మనిషికి నాలుగోది గుర్తుండాలి కదా అని ఇప్పటికీ అంటాను. ఆ మాట మీద వెనక్కి తగ్గను. కానీ ఆ తర్వాత నేను చేసిన పనికి అది చాలినంత కారణం కాదు. ఇది రాయడం అందుకే.

మాది నాగాయలంక అవతల సముద్రం మీద బతికే ఊరు. మా నాన్న వల వేసేవాడు, అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. నేను బస్సు కండక్టరునయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా అవనిగడ్డ, చల్లపల్లి, బందరు మధ్య తిరిగాను. ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగాలో గుర్తుపెట్టుకోవడం నా ఉద్యోగం. ఆ అలవాటు ఉద్యోగంతో ఆగలేదు. ఒక పెద్దమనిషి ఇంట్లో అందరికీ కప్పుల్లో టీ ఇచ్చి నాకు విడిగా స్టీలు గ్లాసులో ఇచ్చారు. ఆ గ్లాసు అంచున సొట్ట ఎటువైపు ఉందో ఇప్పుడడిగినా చెబుతాను. పార్టీలో చేరింది కూడా ఆ గ్లాసు వల్లేనేమో. అక్కడ అందరం ఒకే కెటిల్లోంచి ఒకే రకం గ్లాసుల్లో తాగాం.

మా పార్టీలో నాయకుణ్ణి ఎంచుకునే పద్ధతి బయటివాళ్లకు వింతగా ఉంటుంది. మిగతా పార్టీల్లో పైనుంచి ఒక ఫోను వస్తుంది, ఫలానా ఆయన అధ్యక్షుడంటారు, కింద టపాసులు కాలుస్తారు. మా దగ్గర మూడేళ్లకోసారి మహాసభ పెడతారు. దిగిపోతున్న కమిటీయే రాబోయే కమిటీకి పేర్లు రాసి తెస్తుంది. దాన్ని ప్యానెల్ అంటాం. జిల్లా నుంచి ఒక పరిశీలకుడు వచ్చి కూర్చుంటాడు. ప్యానెల్ చదివి, అభ్యంతరాలున్నాయా అని అడుగుతారు. ఎవరూ లేవరు, ఎందుకంటే లేచే రకం వాళ్లతో ముందే మాట్లాడి ఉంటారు. ప్రతినిధులందరూ మెడలోని కార్డులు పైకెత్తుతారు. ఏకగ్రీవం అని ప్రకటిస్తారు. కొత్త కమిటీ హాలు వెనక గదిలోకి వెళ్లి, టీ చల్లారేలోపు కార్యదర్శిని ఎన్నుకుని బయటికొస్తుంది. అసలు ఎన్నిక అంతకు నెల ముందు నుంచీ టీ కొట్ల దగ్గర, బస్టాండు బెంచీల మీద, మోటారు సైకిలు వెనక సీటు మీద జరిగిపోతుంది.

దీనికి తోడు ఇంకో ఆనవాయితీ ఉంది. ఎవరి మీదైనా రాతపూర్వకంగా ఫిర్యాదు వస్తే, అది తేలేదాకా ఆ పేరు ప్యానెల్లో పెట్టరు. నిబంధనల పుస్తకంలో అలా ఉందో లేదో నేను చూడలేదు. చూసిన వాళ్లనూ ఎరగను. మా వైపు అలాగే నడుస్తోంది. ఫిర్యాదు కింద సంతకం ఉండాలి. ఎవరి మీద రాశామో వాళ్ల ఎదుటే దాన్ని చదువుతారు. ఆ ఎదుట చదవడం ఉంది కాబట్టి చాలామంది రాయరు. నాకు ఆ జంకు ఎప్పుడూ లేదు. అంతకు ముందు ఐదు ఫిర్యాదులు రాశాను, ఐదూ సంతకంతోనే.

ఆ ఏడు మా మండలం పార్టీ రొయ్యల చెరువుల మీద రెండుగా చీలి ఉంది. కూలీల సంఘం వాళ్లు, అంటే ఆమె వైపు వాళ్లు, ఊళ్ల మంచినీళ్ల చెరువుల పక్కన కొత్తగా రొయ్యల చెరువు తవ్వనివ్వకూడదనేవారు. ఉప్పు నీళ్లు ఊరి నీళ్లలోకి దిగుతున్నాయి, వరి పోతోంది, కూలీలకు నాట్లు పోతున్నాయి అని వాళ్ల వాదన. రెండో వైపు వాళ్లు మాత్రం చెరువుల మీద కూడా కూలీలే బతుకుతున్నారు, వాళ్లకు సంఘం పెట్టాలి గానీ చెరువులనే వద్దంటే ఎలా అనేవారు. అదీ కొట్టిపారేసే మాటేం కాదు. ఆ వైపు వాళ్లలో కొందరికి కౌలు చెరువులున్నాయి, అది వేరే సంగతి. మీటింగుల్లో ఎవరూ దాన్ని చెరువుల గొడవ అనేవారు కాదు. ఉత్పత్తి శక్తుల గురించి, వర్గ దృక్పథం గురించి గంటలు గంటలు మాట్లాడేవారు.

ఆ గొడవలో నేను ఆమె పక్షమే. మా ఊరి నీళ్లు నేను తాగినవాణ్ణే. మండల మహాసభ నాటికి ఆమే కార్యదర్శి అవుతుందని టీ కొట్లలో తేలిపోయింది. అవతలి వైపు వాళ్ల దగ్గర ఆమెను ఆపడానికి కార్డులూ లేవు, కారణమూ లేదు. కారణం నేనిచ్చాను.

ఆమెది చల్లపల్లి దారిలో ఒక పేట. తాతల కాలం నుంచీ క్రైస్తవులు. ఆదివారం చర్చికి వెళ్తుంది, పాటలు పాడుతుంది. అది అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోలేదు. పార్టీలో పెళ్లిళ్లకు ముహూర్తం పెట్టించని ఇల్లు నాకు తెలిసి ఒకటో రెండో. అయితే ఆ మధ్యే పైనుంచి దిద్దుబాటు పత్రం అని ఒకటొచ్చింది. నాయకత్వ బాధ్యతల్లో ఉన్నవాళ్లు మతాచారాలకు దూరంగా ఉండాలని, అలా లేని వాళ్లను గుర్తించి మాట్లాడాలని అందులో ఉంది. దాన్ని శాఖ మీటింగులో చదివినప్పుడు సగం మంది కునుకు తీశారు. నేను మాత్రం కింద గీత గీసుకున్నాను.

రెండున్నర పేజీలు రాశాను. చర్చికి వెళ్లడం రాశాను. పాటలు రాశాను. చివర్లో, రోగుల మంచాల దగ్గర ప్రార్థనలు చేయిస్తోందని, పార్టీ సభ్యుల కుటుంబాలను కూడా అందులోకి లాగుతోందని రాశాను. ఆ చివరి మాట రాసేటప్పుడు పెన్ను ఆగింది. ఆగిందని గుర్తుంది కాబట్టే తెలియక చేశానని చెప్పుకోలేను.

ఆ మంచం మా ఆవిడది.

అంతకు రెండేళ్ల ముందు బందరు ఆసుపత్రిలో మా ఆవిడ పదకొండు రోజులుంది. ఏడో రోజున డాక్టరు నాతో మాట్లాడటం తగ్గించాడు. నర్సులు నా కళ్లలోకి చూడకుండా సెలైను మార్చి వెళ్లేవారు. ఆ మధ్యాహ్నం మెట్ల దగ్గర నిలబడి కూలీల సంఘం ఆమెకే ఫోను చేశాను. మీ వాళ్లను తీసుకొచ్చి ఒకసారి ప్రార్థన చేయించమ్మా అన్నాను. పక్క మంచం వాళ్లకు అలా చేస్తుంటే చూశాను, నాకు అంతకు మించి ఏమీ తోచలేదు. ఆమె ఎందుకని అడగలేదు, మీరా బాబాయ్ అని నవ్వలేదు. సాయంత్రానికి ఇద్దరు ముసలమ్మల్ని వెంటేసుకుని బస్సు దిగింది. మంచం చుట్టూ నిలబడి మెల్లగా పాడారు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. వెళ్లేటప్పుడు, "ఈ సంగతి నా దగ్గరే ఉంటుంది బాబాయ్" అంది. నేనడగకుండానే అంది.

మా ఆవిడ కోలుకుంది. కోలుకున్నాక మా కృష్ణా జిల్లాలోనే ఉన్న శ్రీకాకుళం గుడికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్తే నేను బయటే కూర్చుని చెప్పులకు కాపలా కాశాను. లోపలికి వెళ్లలేదు కాబట్టి నా సిద్ధాంతానికి ఏమీ కాలేదని అప్పుడు గట్టిగా నమ్మాను.

ఫిర్యాదు నేనే స్వయంగా బందరు తీసుకెళ్లి జిల్లా ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను. పదిహేను రోజులకు ఇద్దరినీ పిలిచారు. మేడ మీద గది, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. విచారణకు ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. ఒకాయన అడుగుతుంటే ఇంకొకాయన రాసుకున్నాడు. అడిగినాయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఆమె ఊడ్పుల దగ్గర్నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర అంచున బురద ఎండి ఉంది. నా ఫిర్యాదు మొత్తం చదివారు. నేను కిటికీలోంచి బయట తీగ మీద ఆరేసిన బట్టలు చూస్తూ విన్నాను. భాష బాగానే ఉందనిపించింది. సిగ్గుగా ఉన్నా నిజం అదే.

ఆదివారం చర్చికి వెళ్తావామ్మా అని ఆయన అడిగాడు. పుట్టినప్పటినుంచీ వెళ్తున్నానండి అంది. పార్టీలో చేరేటప్పుడు చెప్పావా అన్నాడు.

"నా పేరు చూసే చేర్చుకున్నారు కదండీ" అంది. రాసుకునే ఆయనకు నవ్వొచ్చి తల వంచుకున్నాడు.

అక్కడితో అయిపోయేది. చర్చి సంగతి ఆయనకూ పెద్దగా పట్టినట్టు లేదు. తర్వాత మంచాల సంగతికి వచ్చాడు. పిలిస్తే వెళ్తానండి అంది. పిలిచిన వాళ్లలో మన సభ్యులున్నారా అన్నాడు.

"ఒకరున్నారండి."

"ఎవరు?"

అప్పుడు నా వైపు చూసింది. కోపంగా కాదు. బస్సులో టిక్కెట్టు తీసుకున్న ఊరు దాటిపోతుంటే, కండక్టరు చెబుతాడేమో అని చూస్తారే, అలా చూసింది. నేను చెప్పలేదు.

"అది చెప్పనండి" అంది. "కష్టంలో పిలిచిన మనిషి పేరు తెచ్చి ఇక్కడ పెట్టను."

చెప్పకపోతే విచారణకు సహకరించలేదని రాయాల్సొస్తుందమ్మా, అది మామూలు మాట కాదు అని ఆయన రెండుసార్లు చెప్పాడు. రాసుకోండి అంది. ఆయన నా వైపు తిరిగాడు.

"ఫిర్యాదులో రాసింది మీరు. ఎవరిల్లో మీకు తెలుసా కామ్రేడ్?"

"విన్నానండి. పేరు తెలియదు" అన్నాను.

ఆ గదిలో నేనన్న మాట అదొక్కటే. జీవితంలో నాకు జరిగిన అవమానాలన్నీ ఒక్కొక్కటే చెప్పగలను, రోజు, చోటు, అన్నవాళ్ల మొహం సహా. ఆ వరసలో నేను ఇంకొకరికి చేసినవి ఎప్పుడూ లెక్కలోకి రాలేదు. అది మొదటిది అనుకోవడానికి కూడా లేదు. గుర్తున్న మొదటిది మాత్రమే.

తిరుగు ప్రయాణం ఇద్దరం ఒకే బస్సులో చేయాల్సొచ్చింది. ఆమె ముందు ఆడవాళ్ల సీట్లలో కూర్చుంది, నేను వెనక. చల్లపల్లిలో దిగబోతూ జనంలోంచి నా సీటు దాకా వచ్చింది. ఇప్పుడు తిడుతుందనుకున్నాను. నలుగురిలో తిడితే సగం భారం దిగేదేమో.

"పిన్నికి ఇప్పుడెలా ఉంది బాబాయ్?" అంది.

బానే ఉందమ్మా అన్నాను. దిగి వెళ్లిపోయింది.

ఫిర్యాదు నకలు కాగితం నా సంచిలో మా ఆవిడకు దొరికింది. ఆవిడ అయిదో తరగతి దాకా చదివింది, మెల్లగా చదువుతుంది. మొత్తం చదివి, "ఇందులో మంచం నాదేగా?" అంది. నేను ఏదో సిద్ధాంతం మొదలుపెట్టాను. "మరి నా పేరు రాయలేదేం? పాడించుకున్నందుకు నేనేమన్నా సిగ్గుపడ్డానా?" అంది. ఆ తర్వాత నెలకోసారి చేపల పులుసు గిన్నెలో పెట్టుకుని ఆ పేటకు వెళ్లి వచ్చేది. ఎక్కడికని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మండల మహాసభలో ప్యానెల్ చదివారు. ఆమె పేరు లేదు. కార్యదర్శిగా అవతలి వైపు మనిషి వచ్చాడు. రాజీ అన్నారు, ఐక్యత అన్నారు. పార్టీ చీలకుండా కాపాడుకున్నామని పరిశీలకుడు మెచ్చుకున్నాడు. అభ్యంతరాలున్నాయా అని అడిగారు. ఎవరూ లేవలేదు. తన పేరు లేని ప్యానెల్‌కు ఆమె కార్డు ఎత్తింది. క్రమశిక్షణ. ఆమె చెయ్యి లేచాక నా చెయ్యి లేచింది.

మరుసటి ఏడు ఆమె సభ్యత్వం మళ్లీ రాయించుకోలేదు. అదే ఏడు వాళ్ల పేట మంచినీళ్ల చెరువు పక్కనే పెద్ద రొయ్యల చెరువు తవ్వారు. మా కమిటీ ఆ విషయాన్ని అధ్యయనం చేయాలని తీర్మానించింది. ఆ అధ్యయనం ఇంకా జరుగుతూనే ఉంది. ఆ పేటలో ఇప్పుడు తాగడానికి నీళ్ల టిన్నులు కొనుక్కుంటున్నారు. నేను ఒక్కణ్ణే ఆ నీళ్లు పాడుచేశానని చెప్పను. కార్యదర్శిగా ఆమె ఉన్నా చెరువు తవ్వేవారేమో. కానీ ఆమె ఉంటే ఆ గట్టు మీద కొన్ని జెండాలైనా నిలబడేవి.

మూడేళ్లు గడిచి ఈ ఏడు మళ్లీ మహాసభ వచ్చింది. ఈసారి పాత సభ్యుల సన్మానంలో మొదటి పేరు నాదే చదివారు. కండువా కప్పారు. నేను ఇన్నాళ్లు అడిగిందదే. మెడ మీద అది వేడిగా, కొత్త బట్ట వాసన వేస్తూ ఉంది, నేను వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్యానెల్ చదివి అభ్యంతరాలున్నాయా అని అడిగారు.

లేచాను. నాతో ముందే మాట్లాడి ఉండాల్సిందని కార్యదర్శి మొహంలో కనబడింది. పోయిన మహాసభ ముందు నేనిచ్చిన ఫిర్యాదులో ఉన్న మంచం నా భార్యదని, ప్రార్థనకు పిలిచింది నేనేనని, విచారణలో పేరు తెలియదని అబద్ధం చెప్పానని, ఆ మనిషి నన్ను కాపాడటానికే నోరు విప్పలేదని చెప్పాను. వెనక ఎవరో దగ్గారు.

పరిశీలకుడు అంతా విన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. "కామ్రేడ్, ఇది ఈ ప్యానెల్ మీద అభ్యంతరం కాదు. పోయిన మూడేళ్ల రిపోర్టు మీద చర్చ పొద్దున్నే అయిపోయింది. మీరు చెప్పింది రాసిస్తే పై కమిటీకి పంపుతాం" అన్నాడు. ఆ సభ్యురాలు ఇప్పుడు పార్టీలో లేదు కాబట్టి తేల్చడానికి ఏమీ లేదని కూడా అన్నాడు. నన్ను కూర్చోమన్నారు. కార్డులు లేచాయి. నాది లేవలేదు. ఏకగ్రీవం అని ప్రకటించారు. ఎవరూ లెక్కపెట్టలేదు.

టీ విరామంలో బయటికొచ్చి బస్సెక్కాను. కండువా తీసి సంచిలో పెట్టుకున్నాను. పేటలో దిగేసరికి ఆమె గుమ్మం ముందు నిలబడి ఇద్దరు ఆడవాళ్లతో ఏవో కాగితాలు సర్దుతోంది. వాళ్లు వెళ్లేదాకా ఆగి, సభలో చెప్పిందంతా మళ్లీ చెప్పాను. మధ్యలో ఆపకుండా వింది.

"ఆ గదిలో ఇద్దరే ఉన్నారు బాబాయ్" అంది. "అప్పుడు చెప్పుంటే ఇద్దరి ముందే పరువు పోయేది మీకు. ఇప్పుడు హాలంతా విన్నా నాకొచ్చేదేముంది?"

ఏమీ లేదన్నాను. మళ్లీ సభ్యత్వం తీసుకోమని అడగడానికి వచ్చారా అంది. కాదన్నాను. నిజానికి దారంతా ఆ మాటే కూడబలుక్కుంటూ వచ్చాను.

లోపలికి వెళ్లి టిన్నులోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది. తాగాక నా చేతికి కాగితం ఇచ్చింది. ఆ రొయ్యల చెరువు మూయించమని బందరు కలెక్టరాఫీసుకు ఇచ్చే అర్జీ. పార్టీ పేరు లేదు, పేటలో వాళ్ల పేర్లు, కొన్ని వేలిముద్రలు. అధ్యయనంలో ఉన్న విషయం మీద సభ్యుడు విడిగా సంతకం పెట్టడం మా దగ్గర క్రమశిక్షణ తప్పడమే. రేపే ఎవరైనా నా మీద రాయొచ్చు. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"పెట్టండి బాబాయ్" అంది పెన్ను ఇస్తూ. "సంతకం మీకు అలవాటేగా."

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే అంది. గుమ్మం పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు, అది కూడా చూశాను. అలాంటివి నా కంటికి తప్పవు. కాగితాన్ని గోడకు ఆనించి, నిలబడే సంతకం పెట్టాను. కింద పేరు, ఊరు విడివిడిగా, చదివేవాళ్లకు తెలిసేలా రాశాను.